గోడౌన్ హ్యాండ్‌హెల్డ్ అప్లికేషన్: విండోస్ మొబైల్ నుంచి ఆండ్రాయిడ్‌కు మార్చిన తీరు

హైదరాబాద్ శివార్లలో మేడ్చల్ వైపు ఉన్న ఒక ఔషధ పంపిణీ సంస్థ గోడౌన్‌లో సరుకు దించుకోవడం, ర్యాక్‌లకు ఎక్కించడం, ఆర్డరు ప్రకారం తీసి ప్యాకింగ్ టేబుల్‌కు చేర్చడం, స్టాక్ లెక్క చూడటం అనే నాలుగు పనులూ ఏళ్ల తరబడి చేతిలో పట్టుకుని వాడే చిన్న కంప్యూటర్ల మీదనే నడిచాయి. గోడౌన్‌లో వాటిని హెచ్‌హెచ్‌టీలు (హ్యాండ్‌హెల్డ్ టెర్మినళ్లు) అంటారు. బార్‌కోడ్ చదివే లేజర్, అంకెల కీలు, 240 బై 320 పిక్సెళ్ల తెర, లోపల విండోస్ మొబైల్ 6.5 ఆధారంగా వచ్చిన విండోస్ ఎంబెడెడ్ హ్యాండ్‌హెల్డ్ 6.5 ఆపరేటింగ్ సిస్టమ్, ఇదీ వాటి స్వరూపం. వాటి మీద నడిచే అప్లికేషన్‌ను ఆండ్రాయిడ్‌కు మార్చే పని మా చిన్న బృందం చేపట్టింది. అందులో తీసుకున్న నిర్ణయాలు, వాటి వెనక ఉన్న కారణాలు ఇలాంటి పని చేపట్టబోయే ప్రోగ్రామర్లకు పనికొస్తాయన్న ఉద్దేశంతో వివరంగా రాస్తున్నాను.

ఇలాంటి మార్పిడిలో కోడును ఒక భాషలోంచి మరో భాషలోకి తిరగరాయడం తేలిక భాగమని నా అభిప్రాయం. పాత పరికరం ఎవరూ అడగకుండానే కొన్ని హామీలు ఇస్తూ వచ్చి ఉంటుంది. అవి ఏ డాక్యుమెంటులోనూ ఉండవు, చాలావరకు కోడులోనూ కనిపించవు. వాటిని ఒక్కొక్కటిగా గుర్తించి కొత్త పరికరంలో పట్టుబట్టి కట్టుకోవాలి. మా సమయంలో ఎక్కువ భాగం దానికే పోయింది, పోవలసిందీ దానికే.

ఎందుకు మార్చవలసి వచ్చింది

విండోస్ ఎంబెడెడ్ హ్యాండ్‌హెల్డ్ 6.5కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. మద్దతు ముగిసినంత మాత్రాన పరికరాలు ఆగిపోవు కాబట్టి సంస్థ మరికొంతకాలం వాటితోనే నెట్టుకొచ్చింది. అయితే చుట్టూ ఉన్న లోకం కదిలిపోతూ వచ్చింది. ఆ పరికరాలకు తెలిసిన భద్రతా ప్రోటోకాల్ టీఎల్‌ఎస్ 1.0 వరకే. 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణాలు నిర్ణయించే ఐఈటీఎఫ్ టీఎల్‌ఎస్ 1.0, 1.1 రెండింటినీ అధికారికంగా పక్కన పెట్టింది. సంస్థ సర్వర్లలో వాటిని ఆపేసినప్పుడు పాత హెచ్‌హెచ్‌టీల కోసమే గోడౌన్ నెట్‌వర్క్‌లో ఒక మధ్యవర్తి సర్వర్‌ను పెట్టి, పరికరం నుంచి అక్కడి వరకు పాత ప్రోటోకాల్, అక్కడి నుంచి పైకి కొత్తది నడిపారు. ఆ ఏర్పాటును ఎవరూ శాశ్వతం అనుకోలేదు.

రెండో కారణం సరుకు వైపు నుంచి వచ్చింది. 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో ఎంపిక చేసిన 300 ఔషధ బ్రాండ్ల ప్యాకుల మీద బార్‌కోడ్ గాని క్యూఆర్ కోడ్ గాని తప్పనిసరిగా ఉండాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. పాత లేజర్ స్కానర్ నిలువు గీతల బార్‌కోడ్‌ను మాత్రమే చదవగలదు. క్యూఆర్ కోడ్‌ను, దానిలాంటిదే అయిన డేటా మ్యాట్రిక్స్‌ను చదవాలంటే బొమ్మ తీసి విప్పే ఇమేజర్ కావాలి. అంటే హార్డ్‌వేర్ ఎలాగూ మార్చక తప్పదు. సాఫ్ట్‌వేర్ కోసం విడిగా ఒప్పించవలసిన అవసరం అక్కడితో తీరింది.

పాత కోడు చదవడం

పాత అప్లికేషన్ చిన్న పరికరాల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన డాట్‌నెట్ కాంపాక్ట్ ఫ్రేమ్‌వర్క్ 3.5 మీద సీ షార్ప్ భాషలో రాసినది. పరికరంలో డేటా ఎస్‌క్యూఎల్ సర్వర్ కాంపాక్ట్ 3.5 అనే చిన్న డేటాబేస్‌లో ఉండేది. విండోస్ మొబైల్‌కు ప్రోగ్రాములు రాసే సదుపాయం విజువల్ స్టూడియో 2008తోనే ఆగిపోయింది. అందుకని ఆ పాత విజువల్ స్టూడియోను ఒక వర్చువల్ మెషీన్‌లో నిలబెట్టి, పాత ప్రోగ్రాంను మళ్లీ బిల్డ్ చేయగలిగే స్థితికి తేవడమే మా మొదటి పని అయింది. దీన్ని ఎవరూ దాటవేయకూడదు. మార్పిడి సగంలో ఉండగా పాతదానిలో చిన్న సవరణ చేయవలసిన అవసరం తప్పకుండా వస్తుంది.

చదువుతూ పోతే కొన్ని చోట్ల కోడు వింతగా కనిపించింది. ఏ స్క్రీన్‌నూ మూసివేయకుండా దాచి ఉంచడం, బొమ్మలు అసలు వాడకపోవడం, ఉత్పత్తుల జాబితాను యాభై యాభై వరుసలుగా మాత్రమే తెచ్చుకోవడం వగైరా. రాసినవాళ్ల అలవాటు అనుకుని వదిలేయడం తేలిక. కారణం మాత్రం కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో ఉంది. విండోస్ మొబైల్ 6.5 అడుగున ఉన్నది విండోస్ సీఈ 5.2. అందులో ఒక్కొక్క ప్రాసెస్‌కు (నడుస్తున్న ప్రోగ్రాంకు) దక్కే వర్చువల్ మెమరీ 32 మెగాబైట్లే, ప్రాసెస్‌లు కూడా 32కు మించకూడదు. ఆ 32లో డీఎల్‌ఎల్‌లు (ప్రోగ్రాములు పంచుకునే కోడు ఫైళ్లు) పైనుంచి కిందికి చోటు ఆక్రమించుకుంటూ వస్తాయి కాబట్టి, పరికరంలో ర్యామ్ ఖాళీగా ఉన్నా ప్రోగ్రాంకు మెమరీ చాలదన్న ఎర్రర్ వచ్చేది. 2006లో వచ్చిన సీఈ 6.0లో ఈ హద్దు తొలగిపోయింది గాని విండోస్ మొబైల్ పాత కెర్నెల్ మీదే ఉండిపోయింది. ఈ సంగతి తెలిశాక పాత కోడును రెండు కుప్పలుగా విడదీయగలిగాము: మెమరీ కోసం చేసిన సర్దుబాట్లు ఒకవైపు, గోడౌన్ నియమాలు మరోవైపు. మొదటి కుప్పను పూర్తిగా వదిలేశాము. యాభై వరుసల నియమం కూడా అందులోనే పోయింది. రెండో కుప్పలోంచి ఒక్క షరతు కూడా జారిపోకుండా ప్రతి నియమానికీ ఒక టెస్టు రాసుకున్నాము.

సీ షార్ప్ కోడు అలాగే ఉంచి, ఆ భాషతో మొబైల్ అప్లికేషన్లు తయారుచేసే జామరిన్ ద్వారా ఆండ్రాయిడ్‌కు తెచ్చే ప్రతిపాదన ఒకటి వచ్చింది. జామరిన్ మద్దతు 2024 మే 1తో ముగుస్తుందని అప్పటికే ప్రకటించారు. దాని వారసుడైన డాట్‌నెట్ మావీ అప్పటికి ఇంకా కుదురుకుంటున్న దశలో ఉంది. అంతకంటే ముఖ్యంగా, పాత కోడులో స్క్రీన్ తర్కం, డేటాబేస్ క్వెరీ, గోడౌన్ నియమం ఒకే బటన్ క్లిక్ ఫంక్షన్‌లో కలగలిసి ఉన్నాయి. అలాంటి కోడును ఉన్నది ఉన్నట్టు మోసుకెళితే బరువే తప్ప లాభం ఉండదు. బ్రౌజర్‌లో నడిచే వెబ్ అప్లికేషన్‌ను నెట్‌వర్క్ అందని మూలల కారణంగా పక్కన పెట్టాము. ఆండ్రాయిడ్‌కు వాడే కోట్లిన్ భాషలో కొత్తగా రాయాలని నిర్ణయించాము.

బీప్

ఈ మొత్తం పనిలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించే విషయం బీప్ శబ్దం.

కోడు రాయడం మొదలుపెట్టక ముందు గోడౌన్‌లో నిలబడి పికింగ్, అంటే ఆర్డరు ప్రకారం సరుకు తీయడం, చేసేవాళ్ల పనిని గమనించాము. స్కాన్ చేసేటప్పుడు వారు తెర వైపు చూడరు. ఎడమ చేత్తో పెట్టె తిప్పి, కుడి చేత్తో ట్రిగ్గర్ నొక్కి, శబ్దం వినగానే పెట్టెను ట్రాలీలో వేసి తరువాతి ర్యాక్ వైపు కళ్లు తిప్పేస్తారు. అనుభవమున్న ఒకరు దీన్ని ఒక్క మాటలో చెప్పారు: "బీప్ వచ్చిందంటే లెక్కలో పడ్డట్టే కదా సార్, ఇంక స్క్రీన్ ఎందుకు చూడటం?" పాత పరికరంలో ఈ నమ్మకం నిలబడింది. బీప్ కొట్టేది స్కానర్ డ్రైవరే అయినా, ఆ వెంటనే అదే థ్రెడ్‌లో (ఒకదాని తరువాత ఒకటిగా నడిచే పనుల క్రమంలో) ఆ స్కాన్ వివరాలున్న వరుస డేటాబేస్‌లోకి వెళ్లిపోయేది; అది పూర్తయ్యే వరకు తరువాతి స్కాన్‌ను ప్రోగ్రాం తీసుకునేది కాదు. అప్లికేషన్ కూడా షిఫ్టు మొదటి నుంచి చివరి వరకు మెమరీలోనే ఉండేది. విండోస్ మొబైల్‌లో పైమూల ఇంటూ గుర్తు నొక్కినా విండో కనుమరుగవుతుంది తప్ప ప్రోగ్రాం ముగియదు.

ఆండ్రాయిడ్‌లో ఈ మూడూ మారిపోతాయి. స్కాన్ ఫలితం ఒక సందేశంగా వస్తుంది, డేటాబేస్ పని వెనక మరో థ్రెడ్‌లో జరుగుతుంది, నేపథ్యంలోకి వెళ్లిన అప్లికేషన్‌ను సిస్టమ్ తన అవసరాన్ని బట్టి ఎప్పుడైనా తొలగించవచ్చు. పరికరంతో వచ్చిన స్కానర్ సేవ బార్‌కోడ్‌ను విప్పిన క్షణమే బీప్ కొడుతుంది. ఆ అట్ట మీద చదివినది ఈ ఆర్డరులో ఉందో లేదో, భద్రపడిందో లేదో ఆ బీప్‌కు తెలియదు. ఈ స్థితిలో అలాగే వదిలేస్తే, అప్లికేషన్ ఎంత చక్కగా రాసినా, పనిచేసేవారి చెవికి అందే సమాచారం అబద్ధమవుతుంది.

అందుకని స్కానర్ సేవలోని బీప్‌ను పూర్తిగా ఆపేశాము. అప్లికేషన్ తానే శబ్దం చేస్తుంది, అదీ ఆ వరుస డేటాబేస్‌లో కమిట్ అయిన (ఖాయంగా నమోదైన) తరువాతే. ఆర్డరులో లేని వస్తువైనా, ఎక్స్‌పైరీ దగ్గరపడిన బ్యాచ్ అయినా శ్రుతి తక్కువగా ఉన్న పొడవాటి శబ్దంతో పాటు పరికరం చేతిలో అదురుతుంది. శబ్దానికీ కమిట్‌కూ మధ్య ఇంకే పనీ పెట్టకూడదన్న నియమాన్ని కోడ్ రివ్యూలో కచ్చితంగా పాటించాము.

ఈ హామీ నిలవాలంటే కొత్త పరికరంలో డేటా దాచే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ అమరికను కూడా చూసుకోవాలి. ముందస్తు లాగ్ పద్ధతిలో, అంటే డబ్ల్యూఏఎల్ మోడ్‌లో, సింక్రనస్ అమరిక (రాసినది నిల్వలోకి నిజంగా చేరేదాకా ఎంత కచ్చితంగా ఆగాలో చెప్పేది) నార్మల్‌గా ఉంటే ఎస్‌క్యూలైట్ వేగంగా నడుస్తుంది, డేటాబేస్ చెడిపోదు. అయితే హఠాత్తుగా పవర్ పోతే చివరి కొన్ని కమిట్‌లు వెనక్కి పోయే అవకాశం ఉందని ఎస్‌క్యూలైట్ డాక్యుమెంటేషనే చెబుతుంది. అప్లికేషన్ కూలిపోవడం వరకైతే ఇబ్బంది లేదు. గోడౌన్‌లో పవర్ పోవడం అరుదైన సంగతి కాదు: నిచ్చెన మీదనుంచి పరికరం జారి సిమెంటు నేల మీద పడితే బ్యాటరీ ఊడి వస్తుంది. సింక్రనస్‌ను ఫుల్‌కు మార్చాము. ఒక్కో స్కాన్‌కు ఏర్పడే ఆలస్యం మనిషి చెవికి తెలిసేంత కాదు. పరీక్షలో భాగంగా స్కాన్ చేసి, శబ్దం వినగానే బ్యాటరీ లాగేసి, మళ్లీ ఆన్ చేసి వరుస ఉందో లేదో చూసేవాళ్లం. దీనికి కంప్యూటర్‌లో పరికరాన్ని అనుకరించే ఎమ్యులేటర్ పనికిరాదు, అసలు పరికరం మీదే చేయాలి.

బార్‌కోడ్‌ను విప్పడం

ఔషధాల పెట్టెల మీద సాధారణంగా కనిపించే, జీఎస్1 అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పద్ధతిలో ఉన్న బార్‌కోడ్‌లో ఒకదాని తరువాత ఒకటిగా కొన్ని అంశాలు ఉంటాయి. ప్రతి అంశం ముందూ దాని గుర్తింపు సంఖ్య ఉంటుంది: 01 అంటే 14 అంకెల వస్తువు సంఖ్య, 17 అంటే ఆరు అంకెల ఎక్స్‌పైరీ తేదీ, 10 అంటే బ్యాచ్ నంబరు, 21 అంటే సీరియల్ నంబరు. మొదటి రెండింటి పొడవు స్థిరం. బ్యాచ్, సీరియల్ నంబర్ల పొడవు 20 అక్షరాల వరకు ఎంతైనా ఉండవచ్చు కాబట్టి, వాటి వెనక మరో అంశం వస్తే మధ్యలో కంటికి కనిపించని ఒక వేర్పాటు గుర్తు ఉండాలి. బార్‌కోడ్‌లో దాన్ని ఎఫ్‌ఎన్‌సీ1 అంటారు. స్కానర్ దాన్ని ఆస్కీ 29గా, అంటే ఆస్కీ అక్షర పట్టికలో 29 సంఖ్య గల సంకేతంగా పంపుతుంది.

పాత పరికరంలో స్కానర్ అక్షరాలను కీబోర్డు మీద టైపు చేసినట్టుగా పంపే పద్ధతి వాడారు. ఆ దారిలో ఆస్కీ 29 రాలిపోయేది. అది రాలిపోతే ఏమవుతుందో చూడండి. బ్యాచ్ నంబరు 45, సీరియల్ నంబరు 907 అనుకుందాం. గుర్తింపు సంఖ్యలతో కలిపి 1045, ఆపై వేర్పాటు గుర్తు, ఆపై 21907 రావాలి. గుర్తు లేకపోతే వచ్చేది 104521907. దీన్ని చదివే ప్రోగ్రాంకు బ్యాచ్ నంబరు 4521907గా కనిపిస్తుంది, సీరియల్ నంబరు అసలు లేనట్టే ఉంటుంది. పాత ప్రోగ్రాం ఈ చిక్కును తప్పించుకోవడానికి కొన్ని కంపెనీల వస్తువు సంఖ్యలను గుర్తుపట్టి "ఈ కంపెనీది అయితే చివరి ఇన్ని అక్షరాలు కత్తిరించు" అన్న పట్టిక ఒకటి పెట్టుకుంది. కొత్త కంపెనీ సరుకు వచ్చినప్పుడల్లా ఆ పట్టికకు వరుసలు చేరుతూ పోయాయి.

కొత్త పరికరంలో కూడా స్కానర్ సేవకు టైపు చేసినట్టుగా పంపే పద్ధతి ఉంది, అమర్చడం కూడా చాలా తేలిక. వేర్పాటు గుర్తు పోవడం ఒక సమస్య అయితే, స్కాన్ మధ్యలో తెర మీద ఏదైనా డైలాగ్ లేస్తే మిగిలిన అంకెలు మరో పెట్టెలో పడటం రెండో సమస్య. ఆండ్రాయిడ్ ఇంటెంట్ (అప్లికేషన్ల మధ్య వెళ్లే సందేశం) ద్వారా చదివిన మొత్తం పాఠాన్ని ఒకే ముద్దగా, ఏ రకపు బార్‌కోడ్ నుంచి వచ్చిందో ఆ వివరంతో సహా తీసుకునే పద్ధతినే ఎంచుకున్నాము. పాత పట్టిక మొత్తం ఒక చిన్న పార్సర్‌కు (నియమాల ప్రకారం అంశాలను విడదీసే కోడుకు) చోటిచ్చి తప్పుకుంది. క్యూఆర్ కోడ్‌లలో మాత్రం అందరూ ఒకే క్రమం పాటించరు. కొన్నిటిలో మామూలు వాక్యాలుగానే వివరాలు ఉంటాయి. జీఎస్1 క్రమంలో లేనిదాన్ని ఊహించి విప్పే ప్రయత్నం చేయకుండా, బ్యాచ్ నంబరును చేత్తో ఎంచుకోమని అడుగుతాము.

ఎక్స్‌పైరీ తేదీ మరింత లోతైన విషయం బయటపెట్టింది. ఆ ఆరు అంకెలు సంవత్సరం, నెల, రోజు క్రమంలో ఉంటాయి. నెల మాత్రమే ప్రకటించిన మందుకు రోజు స్థానంలో 00 ఉండవచ్చు. జీఎస్1 నియమం ప్రకారం దాని అర్థం ఆ నెల చివరి రోజు. అంటే 270300 అని ఉంటే 2027 మార్చి 31. తేదీ రకానికి సున్నా రోజు తెలియదు కాబట్టి పాత కోడు 00ను 01గా మార్చి సరిపెట్టింది. దాని ప్రకారం ఆ మందు 2027 మార్చి 1నే ముగిసినట్టు లెక్క. గోడౌన్‌లో ముందుగా ఎక్స్‌పైర్ అయ్యే సరుకును ముందుగా తీయాలన్న నియమం ఉంది. రోజు స్పష్టంగా ఉన్న బ్యాచ్, నెల మాత్రమే ఉన్న బ్యాచ్ పక్కపక్కనే ఉన్నప్పుడు పాత, కొత్త పరికరాలు వేరువేరు పెట్టెలు చూపిస్తాయి. మార్చి 20న ముగిసే పెట్టె ఉండగా పాతది మార్చి 31 వరకు ఆగే పెట్టెను ముందు తీయిస్తుంది.

సరైనది ఏదో తెలిసినా, పార్సర్‌లో మాత్రమే సరిదిద్దితే చాలదు. సర్వర్‌లో అప్పటికే ఒకటో తేదీగా పడి ఉన్న వేల వరుసల్లో ఏది నిజంగా ఒకటో తేదీ, ఏది సున్నా రోజు నుంచి వచ్చింది అన్నది విడదీయలేము. అదృష్టవశాత్తు సరుకు దించుకున్న రికార్డుల్లో స్కాన్‌లో వచ్చిన అసలు పాఠాన్ని పాత ప్రోగ్రాం అలాగే దాచి ఉంచింది. దాన్ని కొత్త పార్సర్‌తో మళ్లీ చదివించి తేదీలు సరిచేశాము. అప్పటి నుంచి ఏ ప్రాజెక్టులోనైనా స్కానర్ ఇచ్చినదాన్ని విప్పిన రూపంతో పాటు ముడిరూపంలో కూడా భద్రపరచాలని నేను పట్టుబడుతున్నాను.

డేటాబేస్ తేడాలు

ఎస్‌క్యూఎల్ సర్వర్ కాంపాక్ట్ నుంచి ఎస్‌క్యూలైట్‌కు పట్టికలు మార్చడం పైపైన చూస్తే యాంత్రికమైన పని. ఇబ్బంది పెట్టినవి రెండు. పాతదానిలో అక్షరాల పోలికకు ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి తేడా ఉండదు; ఎస్‌క్యూలైట్‌లో సాధారణ పోలికకు ఆ తేడా ఉంటుంది. కొందరు చేత్తో కొట్టిన బ్యాచ్ నంబర్లు చిన్నబడిలో ఉండటం వల్ల, ఉన్న స్టాకే లేనట్టు కనిపించింది. ఆ నిలువు వరుసలకు పోలిక నియమాన్ని విడిగా ప్రకటించి పరిష్కరించాము. రెండోది, ఎస్‌క్యూలైట్‌కు దశాంశ సంఖ్యలకూ తేదీలకూ ప్రత్యేక రకాలు లేవు. పరిమాణాలన్నిటినీ అతి చిన్న అమ్మకపు యూనిట్‌లో, అంటే స్ట్రిప్పులో, పూర్ణసంఖ్యగా ఉంచాము. కేసు, పెట్టె, లూజు అన్నవి తెర మీద చూపించేటప్పుడు మాత్రమే లెక్కగడతాము.

సర్వర్‌కు చేర్చడం

పాత పద్ధతిలో షిఫ్టు చివర పరికరాన్ని క్రేడిల్‌లో (ఛార్జింగుకూ డేటా బదిలీకీ వాడే స్టాండులో) పెడితే డేటా మొత్తం ఒకేసారి వెళ్లేది. వరుసల సంఖ్యలను ఒక్కో పరికరానికి ముందుగానే కేటాయించిన పరిధిలోంచి ఇచ్చేవారు. కొత్త పద్ధతిలో వైఫై మీద ఎప్పటికప్పుడు పంపాలని సంస్థ కోరింది, ఎందుకంటే స్టాక్ చిత్రం షిఫ్టు ముగిసేదాకా ఆగకూడదు.

నెట్‌వర్క్ బాగుంటే ఇందులో చెప్పుకోదగినది ఏమీ లేదు. ఇనుప ర్యాక్‌ల మధ్య నడిచే మనిషి ఒక యాక్సెస్ పాయింట్ పరిధి దాటి మరోదాని పరిధిలోకి వెళ్లే సమయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు వస్తుంది. పరికరం "ఈ పెట్టె తీశాను" అని పంపింది. సర్వర్ దాన్ని నమోదు చేసి స్టాక్ తగ్గించింది. జవాబు తిరిగి వచ్చేలోపే కనెక్షన్ తెగింది. పరికరం దృష్టిలో ఆ సందేశం వెళ్లలేదు, కాబట్టి మళ్లీ పంపుతుంది. సర్వర్ స్టాక్‌ను రెండోసారి తగ్గిస్తుంది. ర్యాక్‌లో పెట్టె కళ్లముందు కనిపిస్తుంటుంది, కంప్యూటర్‌లో ఉండదు.

దీనికి మేము పెట్టుకున్న ఏర్పాటు ఇది. ప్రతి స్కాన్‌కూ అది జరిగిన క్షణంలోనే పరికరంలో ఒక యూయూఐడీ, అంటే మరెక్కడా రాని గుర్తింపు సంఖ్య, పుడుతుంది. ఎన్నిసార్లు పంపినా అదే వెళుతుంది. సర్వర్ పట్టికలో దాని మీద యూనిక్ నిబంధన (ఒకే సంఖ్యను రెండోసారి చేరనివ్వనిది) ఉంటుంది. ఆ సంఖ్యను ముందే చూసి ఉంటే సర్వర్ మళ్లీ లెక్క మార్చకుండా మొదటిసారి ఇచ్చిన జవాబునే తిరిగి ఇస్తుంది. నమోదు చేయడం, స్టాక్ తగ్గించడం, జవాబును దాచడం మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ కాదన్నట్టు జరగాలి. విడివిడిగా చేస్తే ఈ ఏర్పాటుకు అర్థం ఉండదు. పంపవలసిన వరుసలు పరికరంలోని ఒక క్యూ పట్టికలో ఉంటాయి. సర్వర్ అందిందని చెప్పాకే వాటికి గుర్తు పడుతుంది, కొన్ని రోజులు గడిచాకే అవి తుడిచివేయబడతాయి. సంఘటనల క్రమాన్ని గడియారం మీద ఆధారపడకుండా పరికరంలో పెరుగుతూ పోయే వరుస సంఖ్యతో నిర్ణయిస్తాము, ఎందుకంటే బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన పరికరం గడియారాన్ని నమ్మలేము.

పంపే పనికి ఆండ్రాయిడ్ సమయాన్ని తనదైన నియమాలతో కేటాయిస్తుంది. 2015లో ఆండ్రాయిడ్ 6.0తో వచ్చిన డోజ్ అనే బ్యాటరీ పొదుపు పద్ధతి కదలకుండా పక్కన పెట్టిన పరికరంలో నెట్‌వర్క్ పనిని వాయిదా వేస్తుంది; 2017లో 8.0తో వచ్చిన నేపథ్య సేవల ఆంక్షలు తెర మీద లేని అప్లికేషన్ సేవలను కాసేపటికే ఆపేస్తాయి. నేపథ్య పనులను నడిపించే ఆండ్రాయిడ్ సదుపాయమైన వర్క్‌మేనేజర్‌లో నిర్ణీత వ్యవధితో నడిచే పనికి కనీస వ్యవధి 15 నిమిషాలు. అందుకని అప్లికేషన్ తెర మీద ఉన్నంతసేపు క్యూను వెంటవెంటనే ఖాళీ చేయడం, లేనప్పుడు మిగిలినదాన్ని వర్క్‌మేనేజర్‌కు అప్పగించడం అనే రెండంచెల పద్ధతి పెట్టాము. కియోస్క్ తరహాలో పరికరాన్ని ఈ ఒక్క అప్లికేషన్‌కే పరిమితం చేయడం వల్ల రెండో దశ అవసరం చాలా తగ్గింది. పంపవలసిన వరుసలు ఎన్ని ఉన్నాయో ఎప్పుడూ తెర పైభాగంలో కనిపిస్తుంది. షిఫ్టు ముగించి పరికరం అప్పగించేటప్పుడు అది సున్నా ఉండాలని సూపర్‌వైజర్లు చూస్తారు.

కీలు, తెర, తెలుగు

కీలున్న పరికరం నుంచి పూర్తి టచ్ పరికరానికి మారడం వేగాన్ని తగ్గిస్తుందన్న భయం గోడౌన్‌లో అందరికీ ఉంది, అది న్యాయమైనదే. పరిమాణం కొట్టి ఎంటర్ నొక్కడం చూడకుండా చేసే పని. ఆండ్రాయిడ్ కీబోర్డు తెరలో సగం ఆక్రమించి, అక్షరాలకూ అంకెలకూ మధ్య మారుతూ పనికి అడ్డుపడుతుంది. దాన్ని ఆపేసి అంకెల పలకను అప్లికేషన్‌లో భాగంగానే గీశాము. పాత పరికరంలో ఎంటర్ ఏ మూల ఉండేదో ఇక్కడా ఆ మూలే పెట్టాము. స్క్రీన్‌లోని అంశాల వరుస కూడా మార్చలేదు: ర్యాక్, వస్తువు, బ్యాచ్, పరిమాణం. కొత్త తెర పెద్దది కాబట్టి అన్నీ ఒకేచోట చూపించే డిజైన్ ఒకటి తయారైంది, చూడటానికి అందంగానే ఉంది. అయినా చేతికి అలవాటైన క్రమాన్ని చెడగొట్టడానికి అది చాలిన కారణంగా నాకు అనిపించలేదు.

కోల్డ్ రూమ్ సంగతి వేరు. ఇన్సులిన్, వ్యాక్సిన్ల వంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచే ఆ గదిలో గ్లవ్స్ వేసుకునే పని. చలిగదిలోంచి బయటి ఉక్కలోకి వచ్చిన పరికరం తెర మీదా స్కానర్ అద్దం మీదా తేమ పట్టి కాసేపు ఏమీ చదవదు. అక్కడికి మాత్రం కీలున్న ఆండ్రాయిడ్ పరికరాలు తీసుకోవాలని, అవి ఆ గది దాటి బయటకు రాకూడదని నిర్ణయమైంది. ఒకే అప్లికేషన్ రెండు రకాల పరికరాల మీదా నడవాలి కాబట్టి, ప్రతి చర్యకూ టచ్ దారితో పాటు కీ దారి కూడా ఉండాలన్న నియమం వచ్చింది. దానివల్ల పని కొంత పెరిగినా, టెస్టులు రాయడం తేలికైంది.

పాత పరికరాల్లో తెలుగు లిపి సరిగా వచ్చేది కాదు, ఒత్తులు విడిపోయేవి. అందుకని సందేశాలన్నీ ఇంగ్లీషులో, అవీ సంకేత సంఖ్యలతో ఉండేవి. ఆండ్రాయిడ్‌లో ఆ అడ్డంకి లేదు. సందేశాలను మేము రాసి తెచ్చిన పుస్తకాల తెలుగులో కాకుండా, గోడౌన్‌లో వాడే మాటలతో అక్కడివాళ్ల ముందే కూర్చుని తిరగరాశాము. "ఈ బ్యాచ్ ఈ ర్యాక్‌లో లేదు. లేబుల్ మళ్లీ స్కాన్ చేయండి", "రెండు స్ట్రిప్పులు షార్ట్ ఉన్నాయి. సూపర్‌వైజర్‌కు చెప్పండి" వంటివి. ఏం జరిగిందో ఒక వాక్యం, ఏం చేయాలో ఒక వాక్యం. బీహార్, ఒడిశాల నుంచి వచ్చి పనిచేసేవారు కూడా ఉన్నందున హిందీ సందేశాలూ చేర్చాము. లాగిన్ అయిన మనిషిని బట్టి భాష మారుతుంది.

అమలు

అన్ని పరికరాలనూ ఒకే రాత్రి మార్చేయాలన్న ఆలోచన మొదట్లో ఉండేది. మేము ఒప్పుకోలేదు. మార్చి నెలాఖరు, స్టాక్ లెక్క జరిగే రోజులు తప్పించి, ఒక్కో విభాగాన్ని మారుస్తూ వెళ్లాము: మొదట సరుకు దించుకునే విభాగం, తరువాత పికింగ్, చివరగా కోల్డ్ రూమ్. దించుకునే చోట తప్పు జరిగితే పెట్టె ఇంకా కళ్లముందే ఉంటుంది, సరిచేయవచ్చు. ఆర్డరు లారీ ఎక్కాక జరిగిన తప్పు మందుల షాపులో బయటపడుతుంది. ఆ క్రమానికి అదే కారణం. పాత, కొత్త పరికరాలు ఒకే సర్వర్‌తో మాట్లాడేలా సర్వర్ వైపు ఒక అనువాద పొర పెట్టాము. పాత పరికరం పంపినదాన్ని కొత్త రూపంలోకి మార్చి ఒకే దారిలో నమోదు చేస్తుంది కాబట్టి స్టాక్ లెక్క ఒక్కటే ఉంటుంది.

పాత పరికరాలను వెనక్కి తీసుకునేటప్పుడు ప్రతిదాన్నీ క్రేడిల్‌లో పెట్టి, పంపని వరుసలు ఏవీ లేవని చూసి, సంతకం తీసుకుని లోపల పెట్టాము. ఈ జాగ్రత్త ఊరికే పోలేదు. రిపేరుకని పక్కన పెట్టిన ఒక పరికరంలో, బ్యాటరీ మార్చి ఆన్ చేయగానే, సర్వర్‌కు చేరని రిటర్న్ సరుకు వరుసలు కనిపించాయి. ఒక మందు విషయంలో కొంతకాలంగా తేలని స్టాక్ తేడాకు కారణం అదేనని అకౌంట్స్ విభాగం సరిపోల్చి చూసింది.

ఇక మిగిలింది పాత డేటా. పరికరాల్లోని ఎస్‌డీఎఫ్ ఫైళ్లను (పాత డేటాబేస్ ఫైళ్లను) అలాగే కాపీ చేసి దాచడం సులభమే గాని, వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ దొరకడం ఏటికేడు కష్టమవుతుంది. బ్యాచ్ ఎప్పుడు ఎవరికి వెళ్లిందన్న ప్రశ్న మందు వెనక్కి పిలిపించేటప్పుడు ఏళ్ల తరువాత కూడా రావచ్చు. ప్రతి ఫైలునూ సాదా టెక్స్ట్ పట్టికలుగా ఎగుమతి చేసి, నిలువు వరుసల వివరణను పక్కనే రాసి, వరుసల మొత్తాలు పాతదానితో సరిపోయాయో లేదో చూశాకే ఆ పరికరాలను ఈ-వ్యర్థాలకు పంపడానికి అనుమతి ఇచ్చాము. పాత విజువల్ స్టూడియో ఉన్న వర్చువల్ మెషీన్‌ను మాత్రం ఇంకా తీసేయలేదు. కోల్డ్ రూమ్‌లో చివరి పాత పరికరం ఆగిపోయాక ఒక ఆర్థిక సంవత్సరం గడిచేదాకా దాన్ని ఉంచాలని సంస్థతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాము.